కాల్చని ఇటుకకు నీళ్లే నిప్పు

పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి ఎన్నో దళిత, ఆదివాసీ కుటుంబాలు అడ్వాన్సు అప్పుకు కట్టుబడి తెలంగాణ ఇటుక బట్టీలకు వలస వస్తున్నాయి. బట్టీ అవసరం లేని మట్టి ఇటుక గురించి మనం తెలుసుకోవడానికి ఆ ఒక్క కారణం చాలు. అయితే ఈ ఇటుక నిలిచేదీ కూలేదీ నీళ్ల లెక్క మీదే.

ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రమట్టి దీనికి మేలు. జల్లించిన మట్టికి 5 నుంచి 10 శాతం సిమెంటు కలిపి, తడిపి, ప్రెస్సులో నొక్కుతారు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే పగులుతుంది. దానికి సున్నం కావాలి.

తడి ఎంత?

నీళ్లు తక్కువైతే మట్టి రేణువులు దగ్గరగా సర్దుకోవు, మధ్యలో గాలి మిగులుతుంది. ఎక్కువైతే ఆ చోటంతా నీళ్లే ఆక్రమిస్తాయి. ఎంత నొక్కినా నీళ్లు నలగవు, ఆరాక అక్కడ రంధ్రాలు మిగులుతాయి. చాలా నేలలకు సరైన తడి మట్టి బరువులో 10 శాతానికి అటూ ఇటూ ఉంటుంది.

కొలవడానికి యంత్రం అక్కర్లేదు. తడి మట్టిని ఉండ చేసి భుజం ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. పొడిపొడిగా రాలితే నీళ్లు చాలలేదు. ముద్దగా చదునైతే ఎక్కువయ్యాయి. నాలుగైదు ముక్కలైతే సరిపోయాయి.

28 రోజులు ఎందుకు?

సిమెంటు ఆరడం వల్ల గట్టిపడదు, నీళ్లతో రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది. కొత్త ఇటుకను ఎండలో వదిలేస్తే తడి ఆవిరై ఆ చర్య మధ్యలోనే ఆగుతుంది. మొదటి రెండు రోజులు ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంచాలి. తర్వాత గోనెసంచులు కప్పి రోజూ తడుపుతూ 28 రోజులు నిండనివ్వాలి.

పొడి ఇటుకను చూపించి గట్టిదంటే నమ్మొద్దు. నానితే దాని బలం సగానికి పడిపోవచ్చు. అందుకే భారత ప్రమాణం ఐఎస్ 1725 తడి బలాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ఒక ఇటుకను రాత్రంతా బకెట్లో నానబెట్టండి. అంచులు కరిగితే ఆ లాటును ఆపించి, ల్యాబు పరీక్ష అడగండి.

నీళ్లెవరివి?

వాడకు ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చేచోట మొదట కోతపడేది క్యూరింగే. తడిపే పని జీతం లేకుండా ఇంటి ఆడవాళ్ల మీద పడుతుంది. గోడ బీటలిచ్చాక నింద మట్టి మీదికో మేస్త్రీ మీదికో పోతుంది. కాలనీకి ఇళ్లు మంజూరైనప్పుడు సిమెంటు బస్తాలతో పాటు 28 రోజుల నీళ్లూ, తడిపే కూలీ కూడా ఎస్టిమేట్‌లో రాయించాలి.