అమ్మకి అమెరికా టికెట్... చవగ్గా కొంటే సరిపోదు!

అక్క ఉండేది న్యూజెర్సీలో. డ్యూ డేట్ నవంబరు మొదటి వారం. అమ్మకి వీసా స్టాంపింగ్ అయిపోయింది. ఇక ఫ్యామిలీ గ్రూపులో నాన్న నుంచి ఒకటే మెసేజ్: ‘టికెట్ సంగతి నువ్వు చూడరా’.

ఇంట్లో ఫోన్ ఎక్కువ వాడేవాళ్లకి పడే డ్యూటీ ఇది. మూడేళ్ల కిందట నాకూ పడింది. యాప్‌లో ‘తక్కువ ధర ముందు’ అని నొక్కి, అన్నిటికంటే పైన కనిపించింది కొనేశా. 9 వేలు మిగిల్చానని గ్రూపులో గొప్పగా పెట్టా కూడా. తీరా మెయిల్ తెరిచి చూస్తే అవి రెండు వేర్వేరు టికెట్లు! ఢిల్లీలో దిగి, బ్యాగులు తీసుకుని, ఇంకో టెర్మినల్‌కి వెళ్లి మళ్లీ చెకిన్ చెయ్యాలి. అమ్మ అప్పటికి విమానం ఎక్కిందే ఒక్కసారి, అదీ తిరుపతికి. క్యాన్సిల్ చేస్తే సగం డబ్బు వెనక్కి రాలేదు. నాన్న లెక్క అడగలేదు, అదే నయం.

కాబట్టి వెతకడం మొదలుపెట్టేముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఈ టికెట్ మీద వెళ్లేది మీరు కాదు, అమ్మ. మీకు చవకైనది ఆవిడకి చవక కాకపోవచ్చు.

ధర సంగతికి వద్దాం. ఇన్‌కాగ్నిటోలో వెతికితే తగ్గుతుందనీ, మంగళవారం అర్ధరాత్రి కొంటే తగ్గుతుందనీ నమ్మి నిద్ర పాడుచేసుకోకండి. ఒకే ఎకానమీ క్యాబిన్‌ని ఎయిర్‌లైన్స్ చాలా ధరల తరగతులుగా విడగొట్టి అమ్ముతాయి. కింది తరగతి సీట్లు అయిపోగానే పై తరగతి ధర కనిపిస్తుంది. ‘నేను వెతికానని రేటు పెంచేశాడు’ అనుకుంటాం గానీ, ఎక్కువసార్లు జరిగేది ఇదే. ఇందులో ఓ కిటుకు కూడా ఉంది. అమ్మానాన్నలిద్దరికీ కలిపి వెతికినప్పుడు కింది తరగతిలో ఒక్క సీటే మిగిలుంటే, సిస్టమ్ ఇద్దరికీ పై ధరే వేస్తుంది. అందుకే ఒకసారి ఒక్కరికి, ఇంకోసారి ఇద్దరికీ వెతికి చూడండి.

అసలు తేడా వచ్చేది తేదీల దగ్గర. జులై చివర, ఆగస్టులో ఫాల్ సెమిస్టర్ పిల్లలతో శంషాబాద్ నిండిపోతుంది. జనవరి మొదట్లో స్ప్రింగ్ వాళ్లు, సంక్రాంతి దాకా ఉండలేక తిరిగెళ్లే ఫ్యామిలీలు. అటునుంచి ఇటు రద్దీ జూన్‌లో, మళ్లీ డిసెంబరులో. అక్కడి స్కూళ్ల సెలవులన్నమాట. అమ్మ ప్రయాణం ఈ గుంపుకి ఎదురు దిశలో పడేలా చూసుకోవడమే మన తెలివి. అక్టోబరు మధ్యలో వెళ్లి, ఏప్రిల్ మొదట్లో వచ్చేస్తే రెండువైపులా రద్దీ తప్పుతుంది. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకి మామూలుగా 6 నెలల దాకా ఉండనిస్తారు కాబట్టి ఈ లెక్క సరిపోతుంది. అయితే ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పేది వీసా మీద తేదీ కాదు, దిగినప్పుడు అధికారి ఇచ్చే ఐ-94 తేదీ. రిటర్న్ అది దాటకూడదు.

గూగుల్ ఫ్లైట్స్‌లో డేట్ గ్రిడ్ తెరిస్తే వెళ్లే తేదీ, వచ్చే తేదీ అటూ ఇటూ జరిపినప్పుడు ధర ఎలా మారుతుందో ఒకే తెర మీద కనిపిస్తుంది. రెండు మూడు నెలల ముందే ప్రైస్ అలర్ట్ పెట్టేసి మీ పని చూసుకోండి. రోజుకి పదిసార్లు చూసినంత మాత్రాన తగ్గదు.

విమానాశ్రయాలు కూడా మార్చి చూడాలి. న్యూజెర్సీ అంటే న్యూఆర్క్ ఒక్కటే కాదు. న్యూయార్క్ జేఎఫ్‌కే ఉంది, ఫిలడెల్ఫియా ఉంది. బావ కారులో గంటో రెండు గంటలో ఎక్కువ తిరగాల్సి రావచ్చు, బావ కాదనలేడు. ఇటువైపూ అంతే. అనంతపురం వాళ్లకి హైదరాబాద్ కంటే దేవనహళ్లిలోని బెంగళూరు ఎయిర్‌పోర్టు బాగా దగ్గర. నెల్లూరు వాళ్లకి చెన్నై దగ్గర. అయినా అలవాటుగా ‘హెచ్‌వైడీ’ అనే కొట్టేస్తాం.

ఇప్పుడు నేను దెబ్బతిన్న చోటు. ప్రయాణమంతా ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. ఒకే టికెట్ అయితే మొదటి విమానం లేటై రెండోది తప్పిపోయినా, ఇంకో విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. విడివిడి టికెట్లయితే మీ ఖర్మ. 2025 జూన్ 23 రాత్రి ఖతార్ కొన్ని గంటలపాటు గగనతలం మూసేసినప్పుడు దోహా మీదుగా వెళ్లేవాళ్లు ఎక్కడెక్కడో చిక్కుకుపోయారు. అలాంటి రాత్రి అమ్మ చేతిలో ఏ టికెట్ ఉందన్నదే ముఖ్యం. మధ్యలో ఆగే సమయం కూడా చూసుకోండి. గంట లేఓవర్ మనకి సరదాగా పరుగు, అమ్మకి గుండెదడ. రెండున్నర నుంచి నాలుగు గంటలుంటే నిమ్మళం.

అబుదాబి మీదుగా వెళ్తే ఒక సౌకర్యముంది. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ అక్కడే పూర్తవుతాయి. న్యూయార్క్‌లో దిగాక దేశంలోనే ఇంకో ఊరి నుంచి వచ్చినట్టు నేరుగా బయటికొచ్చేయొచ్చు. కాకపోతే ఆ తనిఖీకి టైమ్ పడుతుంది కాబట్టి ఈ దారిలో లేఓవర్ తక్కువ ఉండకూడదు.

కొనేముందు చివరి పేజీ దాకా వెళ్లి రెండు విషయాలు చదవండి. ఒకటి, ఎన్ని బ్యాగులు. అమెరికాకి 23 కిలోలవి రెండు ఇస్తారని మన ధీమా. కొన్ని చవక టికెట్లలో ఒక్కటే ఇస్తున్నారు. బాలింతకి పథ్యం పొడులు, సొంఠి, బావకి ఆవకాయ... ఒక్క బ్యాగుతో ఏ అమ్మా కదలదు. రెండో బ్యాగుకి విడిగా కడితే మిగిలిందంతా అందులోనే పోతుంది. రెండోది, తేదీ మార్చుకునే వీలు. పుట్టే బిడ్డ మన డేట్ గ్రిడ్ చూసి రాదు కదా! నెలలు నిండకుండానే రావచ్చు, అక్కకి సిజేరియన్ అయితే అమ్మ ఇంకో నెల ఉంటానంటుంది. మార్పు రుసుము లేని టికెట్‌కి నాలుగైదు వేలు ఎక్కువైనా పెట్టండి. అప్పుడు కూడా కొత్త తేదీ ధర ఎక్కువైతే ఆ తేడా కట్టాలి.

ఎక్కడ కొనాలి? వెతకడానికి ఏ యాప్ అయినా సరే, కొనడం మాత్రం వీలైతే ఎయిర్‌లైన్ సొంత సైట్‌లోనే. విమానం రద్దయితే ‘ఏజెంట్‌ని అడగండి’ అని వాళ్లు, ‘ఎయిర్‌లైన్‌ని అడగండి’ అని వీళ్లు ఆడుకునే ఆట తప్పుతుంది. పైగా అమెరికాకి వెళ్లే, అక్కణ్నుంచి వచ్చే టికెట్లని ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు నేరుగా ఎయిర్‌లైన్ దగ్గర కొంటే, 24 గంటల్లోపు పైసా పోకుండా రద్దు చేసుకునే వీలుంటుంది. (లేదా ఆ ధరని 24 గంటలు ఆపి ఉంచాలి. ఎయిర్‌లైన్ ఈ రెండింట్లో ఒకటి ఇవ్వాలన్నది అక్కడి రూలు.) నాకీ ముక్క అప్పుడు తెలిసుంటే!

పేరు దగ్గర మనవాళ్లకి ప్రత్యేకమైన చిక్కుంది. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనది. సర్‌నేమ్ గడిలో ఏముంది, గివెన్ నేమ్ గడిలో ఏముంది అన్నది అమ్మ పాస్‌పోర్టు ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టండి, గుర్తున్నది కొట్టొద్దు. ఒక గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులూ ఉంటాయి. వాళ్ల వీసా మీద ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. అలాంటప్పుడు డబ్బు కట్టేముందే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఎలా రాయాలో అడగండి.

భోజనం గడిలో ‘హిందూ మీల్’ చూసి టిక్ పెట్టేయకండి. అందులో మాంసం ఉండొచ్చు. శాకాహారులకి కావాల్సింది ‘ఏషియన్ వెజిటేరియన్’.

వీల్‌చెయిర్ మామూలుగా ఉచితమే, టికెట్ కొన్నప్పుడే అడగాలి. మోకాళ్లు బాగానే ఉన్నా ఇంగ్లిష్ రాదని పెట్టించేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. నిజంగా నడవలేనివాళ్లు వాళ్ల వెనక గంటలు కూర్చోవాల్సి వస్తోంది. భాషే సమస్య అయితే శంషాబాద్ గేటు దగ్గర చుట్టూ చూస్తే చాలు, అదే విమానానికి వెళ్లే మన పిల్లలు నలుగురైనా దొరుకుతారు. మా అమ్మ రెండోసారి అలాగే వెళ్లింది. ఫోన్‌లో అన్నీ పెట్టి ఇచ్చినా, అక్క అడ్రసు, ఫోన్ నంబరు, రిటర్న్ టికెట్ ప్రింటు తీయించి పాస్‌పోర్టుతో పాటు జిప్ కవర్లో పెట్టుకుంది. జేఎఫ్‌కేలో ఫోన్‌కి సిగ్నల్ రాలేదు. ఆ కాగితమే చూపించిందట.