సాలూరు సరిహద్దున పన్నుల తారతమ్యము

ఒక రాష్ట్రమునందలి పన్నులు భారమైనవో తేలికైనవో తెలిసికొనుటకు శాసనసభలో చదివెడు అంకెలకంటె సరిహద్దు పట్టణము మేలైన త్రాసు. పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరు అట్టి పట్టణము. లారీల యూరని పేరొందిన యిచ్చటినుండి రాయపూరు దారిని బట్టిన బండి, ఘాటెక్కి సుంకి చేరినంతనే ఒడిశాలో నుండును.

ఈ సరిహద్దు అనాదిగా వచ్చినది కాదు. 1936 ఏప్రిలు 1వ తేది వఱకు కోరాపుటు, జయపురము సీమలు సాలూరుతోపాటు విశాఖపట్టణము జిల్లాలోనివే. మద్రాసు రాష్ట్రమున సాధారణ విక్రయపు పన్ను శాసనము 1939లో గాని పుట్టలేదు. నేడు ఘాటునకు ఈవల ఒక పన్ను, ఆవల మఱియొక పన్ను.

2021 నవంబరులో కేంద్రప్రభుత్వము డీజిలుపై ఎక్సైజు సుంకమును లీటరునకు 10 రూపాయలు తగ్గించెను. ఒడిశా వెంటనే తన వ్యాటు పన్నును నూటికి 28 నుండి 24కు దింపెను. ఆంధ్రప్రదేశ్ దింపలేదు. నాటి మన వ్యాటు నూటికి 22.25 మాత్రమే గదా, మనదే తేలిక యని పైచూపునకు తోచును. కాని దానికి తోడు లీటరునకు 4 రూపాయల అదనపు పన్నును, 2020లో వచ్చిన రూపాయి రహదారి సెస్సును గలవు. పన్ను పడని ధర 60 రూపాయలని లెక్కకొఱకు అనుకొందము. ఒడిశాలో పన్ను 14 రూపాయల 40 పైసలగును. మనకడ 18 రూపాయల 35 పైసలగును. 300 లీటర్ల ట్యాంకునకు 1,185 రూపాయల భేదము. రేటు చిన్నదైనను భారము పెద్దది.

కొండసీమకు చమురు చేర్చుటకు కర్చు హెచ్చు గనుక, బంకులవద్ద ఈ భేదమంతయు కానరాదు. ఇందే అసలు నష్టమున్నది. 1957 నుండి పనిచేయుచున్న విశాఖ చమురుశుద్ధి కర్మాగారము సాలూరునకు చేరువ. ఆ సామీప్యమువలన మనకు దక్కవలసిన చవుకను పన్ను హరించుచున్నది.

ఈ భారము ఎవరిపై బడును? మూడు రాష్ట్రములు తిరుగు లారీ యజమానుడు చవుకయైన చోట ట్యాంకు నింపించుకొనగలడు. రైతుయొక్క ట్రాక్టరు పొలము విడిచి పోజాలదు. ధాన్యము మిల్లునకు చేర్చు కిరాయియు తుదకు రైతు రాబడిలోనే తెగును. తప్పించుకొన వీలులేనివానిపైననే పన్ను నిలుచుచున్నది.

ప్రభుత్వమువారి యిబ్బందియు లేకపోలేదు. 2014లో హైదరాబాదు రాబడి పోయినది. 2017 జులై 1 నుండి జి.యస్.టి. వచ్చుటతో రాష్ట్రము తనంత తాను హెచ్చింపదగిన పన్నులు కొలదిగా మిగిలినవి. వానిలో చమురు ముఖ్యము. డీజిలును జి.యస్.టి.లో చేర్చు తేదిని సూచించు అధికారమును రాజ్యాంగపు 279ఎ అధికరణము జి.యస్.టి. మండలికి ఒసగినది. ఆ చేర్పు జరిగిననే గాని ఘాటునకు ఇరువైపుల ఒకే పన్ను రాదు.

అంతవఱకు పొరుగు రాష్ట్రములు రెండును కూర్చుండి డీజిలు పన్నును సమానము చేసికొనుట న్యాయము. అదియు కానిచో, ధరతో నిమిత్తము లేక లీటరు లీటరునకు పడు రూపాయల పన్నునైనను మనవారు సగము తగ్గింపవలయును. నూటికింతయను రేటును మాత్రమే చూపి మనది తేలికయనుట చాలదు. రైతు చెల్లించు మొత్తమును చూడవలయును.