కార్తీక వెన్నెల్లో దొంగాపోలీసు

ఆటలకు వయసుతో పనిలేదని మన పెద్దలు అంటూ వుంటారు గాని, ఆ మాట అన్న పెద్దలు ఆడగా మనం చూసింది తక్కువ. పచ్చీసు, అష్టాచెమ్మా, పేకాట లాంటి కూర్చుని ఆడేవాటిని పక్కనపెడితే, నలభై దాటినవాళ్ళు వీధిలో పరుగెత్తేది బస్సు తప్పిపోయేటప్పుడే. అందులోనూ ఆడవాళ్ళయితే చెప్పనే అక్కర్లేదు. అలాంటిది, మా బెంగుళూరులో పద్నాలుగేళ్ళ పిల్లలు మొదలు అరవై ఒక్కేళ్ళ అవ్వ దాకా ముప్ఫై ఆరుమందిమి ఒక రాత్రి రెండున్నర గంటలసేపు పాత ఊరంతా ఒకరినొకరు తరుముకున్నాం. ఆ ముచ్చట మన పత్రిక పాఠకులతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

వెన్నెల్లో ఆడుకోవడం మనకు కొత్తదేమీ కాదు. వెన్నెల కుప్పలు అనే ఆట చాలామంది పెద్దవాళ్ళకు గుర్తుండే వుంటుంది. పిల్లలు రెండు జట్లుగా చీలి, ఒక జట్టువాళ్ళు ఎవరికీ కనబడని మూలల్లో చిన్న చిన్న మట్టికుప్పలు పోసి వస్తారు. రెండో జట్టు వాటిని వెతికి చెరిపేయాలి. దొరకకుండా మిగిలిన కుప్పలే గెలుపు లెక్క. దాగుడుమూతలు, కోతికొమ్మచ్చి, దొంగాపోలీసు సరేసరి. పద్దెనిమిదో శతాబ్దంలో అయ్యలరాజు నారాయణామాత్యుడు రాసిన హంసవింశతిలో పిల్లల ఆటల పేర్లు వరసపెట్టి కనిపిస్తాయి. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధాల కంటే ఇలాంటి ఆటపాటలకూ, తిండికీ బట్టకూ పెద్దపీట వేశారు. తెలుగులో మొట్టమొదట కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నది ఆ పుస్తకమే.

ఐతే ఆ పుస్తకాల్లో లేనిది ఒకటి నాకు బాగా తెలుసు. దీపాలు పెట్టే వేళకు ఆడపిల్లలకు ఆట బందు. మా అన్నలిద్దరూ చిక్కపేట సందుల్లో రాత్రి తొమ్మిది దాకా దొంగాపోలీసు ఆడేవాళ్ళు. నేనూ మా అక్కా కిటికీ చువ్వలు పట్టుకుని ఎవరు దొరికారో, ఎవరు తప్పించుకున్నారో అరుపులనుబట్టి ఊహించుకునేవాళ్ళం. పదేళ్ళు నిండినప్పటినుంచీ అంతే. అమ్మా నాయనా కోప్పడి ఆపింది కూడా లేదు. "చీకటిపడింది, లోపలికి రండే" అంటే చాలు, వచ్చేసేవాళ్ళం.

ఇక ఈ ఆట సంగతి. 2006లో అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన కొందరు యువకులు నగరం మొత్తాన్నీ ఆటస్థలంగా చేసుకుని ఒక రాత్రిపూట ఆట తయారుచేశారు. దాని పేరును మన భాషలో చెప్పాలంటే 'రాత్రి చివరిదాకా ప్రయాణం' అనొచ్చు. ప్రవేశ రుసుము లేదు. ఆడేవాళ్ళకు ఒక పటమూ, చేతికి కట్టుకోను ఒక రిబ్బనూ ఇస్తారు. పటంలో చూపించిన మజిలీలన్నీ వరసగా తాకుతూ చివరి మజిలీ చేరాలి. దారిలో తరిమేవాళ్ళు కాచుకుని వుంటారు. వాళ్ళ చేతికి చిక్కితే రిబ్బను వాళ్ళకిచ్చేసి, తామూ తరిమేవాళ్ళలో కలిసిపోవాలి. ఆట సాగేకొద్దీ పారిపోయేవాళ్ళు తగ్గి, తరిమేవాళ్ళు పెరుగుతూ పోతారన్నమాట. దొరికిపోయినవాడు మొహం వేలాడేసుకుని గట్టుమీద కూర్చోనక్కర్లేదు. ఈ ఒక్క కిటుకువల్లే ఆట చివరిదాకా అందరికీ పని వుంటుంది. సొంత బండీ, సైకిలూ పనికిరావు. ఆ తరువాత ఎన్నో ఊళ్ళలో ఈ ఆట ఆడారు.

మా మేనకోడలు ఈ కబురు మోసుకొచ్చి, "అత్తా, మనవాళ్ళందరం ఆడదామా?" అని అడిగింది. దానికి పదహారేళ్ళు. సంఘంలో నా ఈడు స్నేహితురాళ్ళు నలుగురితో చెబితే ముందు నవ్వారు, తరువాత కాళ్ళనొప్పులు ఏకరువు పెట్టారు, ఆఖరికి "ఏ రోజు?" అన్నారు. కార్తీక పౌర్ణమి మరునాడు, 2024 నవంబరు 16, శనివారం కుదిరింది.

మా వదిన మాత్రం ససేమిరా అంది. "రాత్రిపూట ఆడపిల్లల్ని వీధుల్లోకి తోలి వెనక మగపిల్లల్ని తరమమంటారా? రేపు ఎవరన్నా ఏమన్నా అంటే మోసేది నేను" అంది. ఆవిడ భయాన్ని కొట్టిపారేయడానికి లేదు. పిల్ల ట్యూషన్ నుంచి పావుగంట ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడే తల్లి ఆవిడ. చాలాసేపు మాట్లాడుకున్న మీదట ఒక ఒప్పందానికి వచ్చాం. ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు. పారిపోయేవాళ్ళు జంటలుగా వెళ్ళాలి, ప్రతి జంటలోనూ ఒక పెద్దా ఒక పిన్నా వుండాలి. ఆడపిల్లలున్న జంటను ఆడవాళ్ళే పట్టుకోవాలి. ప్రతి మజిలీలో ఇద్దరు కాపలా వుండి వచ్చిన జంట పేరూ, వేళా రాసుకోవాలి. సజ్జనరావు సర్కిల్ మజిలీ కాపలా తనకే ఇవ్వాలని వదిన షరతు పెట్టింది. సరేనన్నాం.

దారి ఇలా వేసుకున్నాం. టిప్పు ప్యాలెస్ పక్కనున్న కోటె వెంకటరమణస్వామి గుడి ముందు బయల్దేరడం. అక్కడినుంచి విశ్వేశ్వరపురం సజ్జనరావు సర్కిల్, నేషనల్ కాలేజీ, గాంధీ బజారు, రామకృష్ణ ఆశ్రమం, చివరికి దొడ్డ బసవన్న గుడి. సందులు తిరిగి వెళితే నాలుగైదు కిలోమీటర్లు. ఈ ఊరిని 1537లో కట్టించిన కెంపేగౌడ పేర తెలుగులో గంగాగౌరీ విలాసం అనే యక్షగానం వుందన్న సంగతి మన పిల్లల్లో ఎందరికి తెలుసు? అలాంటి సంగతులే ప్రశ్నలుగా చేసి, తరువాతి మజిలీ ఆనవాలు చీటీమీద తెలుగు లిపిలో రాసి పెట్టాం. ఇక్కడే అసలు తమాషా. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని, బడిలో చదివేది కన్నడం, ఇంగ్లీషు. చీటీ చదవాలంటే పెద్దవాళ్ళు కావాలి, పరుగెత్తాలంటే పిల్లలు కావాలి. ఒకరు లేకుండా రెండోవారికి గడవదు.

రాత్రి ఏడు గంటలకు పదిహేను జంటలు నీలం రిబ్బన్లు కట్టుకున్నాయి. తరిమేవాళ్ళు ఆరుగురు ఎర్ర రిబ్బన్లతో పావుగంట ముందే వెళ్ళి సందుల్లో మాటువేశారు. మజిలీ చుట్టూ పది అడుగుల మేర 'టైం ప్లీజ్', అంటే అక్కడ ఎవరూ పట్టుకోకూడదు. నాకు జంట మా మేనకోడలే.

కృష్ణరాజేంద్ర రోడ్డు మీద అందరూ వెళతారని మేము లోపలి వీధులు పట్టుకున్నాం. పగలు బండ్ల రొదలో గుమ్మాలు కూడా కనబడని వీధులు. ఆ వేళ ముంగిళ్ళలో కార్తీక దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. ఎవరింట్లోనో కుక్కరు ఈల వేస్తోంది. అరుగుమీద కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూసి, "యాకమ్మా ఓడ్తిద్దీరా?" అని అడిగాడు. ఆట అని చెబితే ఎంతమంది వెనక వస్తున్నారని ఆరా తీసి, తాను చూడలేదనే చెబుతానని మాటిచ్చాడు. విశ్వేశ్వరపురం తిండి వీధిలో దోసెల పొగ, జనం. దాక్కోవడానికి అంతకన్న మంచి చోటు లేదు. సజ్జనరావు సర్కిల్లో వదిన మా పేర్లు రాసుకుంటూ కూతుర్ని పైనుంచి కిందిదాకా చూసి, నీళ్ళసీసా చేతికిచ్చింది.

నేషనల్ కాలేజీ దాటాక ఒక సందులో వీధిదీపం లేదు. మేనకోడలు ముందు మలుపు చూసివస్తానని పది గజాలు ముందుకు వెళ్ళింది. అప్పుడు నా వెనక అడుగుల చప్పుడు వినబడింది. మగవాడి చెప్పుల చప్పుడు. మా ఆట నియమం ప్రకారం నన్ను మగవాళ్ళు పట్టుకోకూడదు, కనుక అది ఆటలోని మనిషి కాదు. నా చెయ్యి దానంతటదే చీర కొంగును బిగించింది, సంచీ పక్కనుంచి ముందుకు వచ్చింది, కళ్ళు వెలుగున్న గుమ్మంకోసం వెతికాయి. ఎవరూ నేర్పకుండానే నాకు వచ్చిన విద్య అది. ఆ వెనక మనిషి కూడా గమనించినట్టున్నాడు. నడక తగ్గించి, వీధి దాటి అవతలి పక్కకు వెళ్ళి, తలవంచుకుని తన దారిన తాను పోయాడు. చేతిలో కూరగాయల సంచి వుంది, అంతే.

అంతవరకూ ఎర్ర రిబ్బన్లు నన్ను గంటసేపు తరిమాయి. గుండె దడదడలాడింది గాని, అది సంతోషంతో. ఆ సందులోని అర నిమిషం భయం వేరు. మా ఆటలో తరిమేవాళ్ళకు గుర్తుంది, నియమముంది, ఆగిపోయే చోటుంది. మజిలీ చేరితే ఇక ఎవరూ ముట్టుకోరు. మన ఆడపిల్లలు రోజూ మోసే భయానికి అవేవీ లేవు. పిల్ల వెనక్కి వచ్చి, "ఏమత్తా, అలా నిలబడిపోయావు?" అంది. చెప్పాను. అది ఆశ్చర్యపోలేదు. "నేను బస్సు దిగినప్పుడల్లా తాళంచెవి వేళ్ళమధ్య పెట్టుకుంటాను, అమ్మకు చెప్పకు" అంది. ఈ మాట అది ఇంట్లో ఏనాడూ అనలేదు. ఆ చీకటి సందులో, ఆట మధ్యలో అంది.

మా బెంగుళూరులోనే 2003లో జాస్మీన్ పతేజా మొదలుపెట్టిన బ్లాంక్ నాయిస్ ఆడవాళ్ళు పార్కుల్లోనూ వీధుల్లోనూ నిర్భయంగా వుండడం గురించి ఏళ్ళ తరబడి పనిచేస్తూ వచ్చింది. బొంబాయి ఆడవాళ్ళ గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి 2011లో రాసిన 'వై లాయిటర్' పుస్తకం, ఆడవాళ్ళకు ఏ పనీ లేకుండా ఊళ్ళో తిరిగే హక్కు వుండాలంటుంది. 2016 డిసెంబరు 31 రాత్రి మా ఊరి నడిబొడ్డున ఆడవాళ్ళపై జరిగిన అల్లరి తరువాత, 2017 జనవరి 21న దేశంలోని అనేక ఊళ్ళలో స్త్రీలు వీధుల్లో నడిచారు. ఇవన్నీ పేపర్లో చదివినప్పుడు మనవి కావనిపించేది. ఆసుపత్రికో, పెళ్ళికో, రైలుకో తప్ప రాత్రి పూట నేను ఈ వీధుల్లో నడిచింది ఆనాడే మొదటిసారి. యాభై నాలుగేళ్ళనుంచి వుంటున్న ఊరు ఇది.

ఆట ఫలితం కూడా చెప్పాలి గదా. గాంధీ బజారులో ఒక పూలమ్మి మమ్మల్ని బుట్టల వెనక దాచింది. బయటికి తొంగి చూస్తే ఎదురుగా ఎర్ర రిబ్బను కట్టుకుని మా వదిన! జంటలన్నీ దాటిపోయాక కాపలా కూర్చోవడం విసుగుపుట్టి, తనతో వున్నావిడకు పుస్తకం అప్పజెప్పి, దొరికిపోయిన జంటతో కలిసి వేటకు బయల్దేరిందట. "దొరికారే!" అని కూతురి చెయ్యి పట్టుకుంటే బజారంతా తిరిగి చూసింది. అలా మేమూ ఎర్ర రిబ్బన్లు కట్టుకుని, ఆశ్రమం దగ్గర ఇంకో జంటను పట్టుకున్నాం. చివరికి బసవన్న గుడి ముందుకు చిక్కకుండా చేరినవి నాలుగు జంటలు. అందులో అరవై ఒక్కేళ్ళ అవ్వా, ఆమె మనవడూ వున్నారు. అవ్వ పరుగెత్తనే లేదు. తలమీద కొంగు కప్పుకుని గుడికి వెళుతున్నదానిలా నెమ్మదిగా నడిచి వచ్చింది. అందరం కలిసి పులిహోర, పెరుగన్నం తిన్నాం. ఇంకో తొమ్మిది రోజుల్లో, కార్తీకం చివరి సోమవారం, అదే వీధి శనక్కాయల పరిషతో కిటకిటలాడుతుంది.

మన ఊళ్ళకు ఇలాంటి రాత్రులు కొత్తకాదు. చైత్ర పౌర్ణమి కరగ నాడు మా పాతపేట తెల్లవార్లూ మేలుకునే వుంటుంది. బరంపురంలో రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణీ యాత్రలో ఊరు ఊరంతా రాత్రిళ్ళు వీధుల్లోనే. దేవుడి పేరుమీద ఆడవాళ్ళు బయటికి రాగలిగిన వీధుల్లోకి ఆట పేరుమీద ఎందుకు రాకూడదు? యానాంలో గోదావరి గట్టు వుంది. మైలాపూరులో గుడి చుట్టూ మాడ వీధులున్నాయి.

ఆడాలనుకునే సంఘాలకు నాలుగు సూచనలు. దారి ముందుగా రాత్రిపూటే నడిచి చూసుకోండి, పగలు చూస్తే దీపం లేని సందు తెలియదు. దగ్గరి పోలీసు ఠాణాలో ఒక మాట చెప్పి వుంచండి. వాహనాలు తిరిగే రోడ్డు మీద నడకే తప్ప పరుగు వద్దు, రైలు పట్టాలున్న దారి అసలే వద్దు. పట్టుకోవడమంటే భుజం తాకడమే, లాగడం కాదు. ఆసుపత్రుల ముందు కేకలు వేయకండి. మజిలీల్లో నీళ్ళూ, గాయాలకు మందూ వుంచండి. మోకాళ్ళు నొప్పులున్నవారికి మజిలీ కాపలా ఇవ్వండి, కాని ఎర్ర రిబ్బను ఒకటి వారికీ ఇచ్చి వుంచండి. చీటీలు మాత్రం తెలుగులోనే రాయండి. మా ఇంట్లో ఆ మరునాటినుంచే మేనకోడలు అక్షరాలు దిద్దుతోంది. వచ్చే కార్తీకానికి అత్త సాయం లేకుండా చీటీ చదవాలని దాని పంతం. మా వదిన నడకకు తగిన కొత్త బూట్లు కొనుక్కుంది.