పాత కారులో కొత్త సౌకర్యము

పాతబడిన విలాసపు కార్లు నేటికిని దర్జాగా నడచుచున్నవి. కాని వాటిలో పెక్కింటికి మన సెల్‌ఫోనుతో సంబంధము లేదు. ఆ సంబంధమును కల్పించునదే బ్లూటూత్. ఇది 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతపు రేడియో తరంగములచే, తీగ లేకయే, కొద్ది మీటర్ల దూరమునకు ధ్వనిని చేరవేయును.

అయితే దీని నమరించుట అన్ని కార్లలోను సులభము కాదు. 2001లో వెలువడిన బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారునే తీసికొందము. అందు రేడియో, ఆంప్లిఫయరు మొదలగు పరికరములను ‘మోస్ట్’ అను కాంతితంతువుల అమరిక వలయముగా కలుపును. కాంతి సంకేతము ఒక్కొక్క పరికరమును దాటి, బయలుదేరిన చోటికే తిరిగి రావలెను. ఒక్క లంకె తెగినను వలయమంతయు మూగవోవును. కావున అందు చేర్చు కొత్త యూనిట్టు తానును ఒక లంకెగా నిలువవలెను.

పిమ్మట మైకు సంగతి. స్పీకరునుండి వెలువడు అవతలివారి కంఠము మైకులో దూరి, వారికే ప్రతిధ్వనిగా వినిపించును. యూనిట్టులోని సర్క్యూటు ఆ ధ్వనిని గుర్తించి తొలగించును. మైకును డ్రైవరు నోటికి చేరువగా, ఏసీ గాలి తగులని చోట బిగించుట మేలు.

మన దేశమున 2019 నాటి మోటారు వాహన చట్ట సవరణ, బండి నడుపుచు చేత ఫోను పట్టి వాడుటను ప్రమాదకరమైన డ్రైవింగు క్రింద చేర్చినది. ఈ పరికరము చేతులకు విడుదల నిచ్చును గాని, మనస్సు సంభాషణయందే చిక్కుకొనియుండును. మాట పెరిగినచో బండిని ప్రక్కన నిలుపుటయే మనకు శ్రేయస్కరము.