వెతికిపెట్టినందుకు సగమా?

దేవరకొండ వైపు మా దూరపు చుట్టాలింట్లో ఒక స్టాంపు కాగితం నా చేతికి వచ్చింది. ఆ యింటాయన పెదనాయన పడుచువాడుగా ఉన్నప్పుడే బొంబాయి పోయి, పెండ్లి లేకుండానే అక్కడ కన్నుమూశాడు. ఆయన పేర బ్యాంకులో ఆరు లక్షల దాకా ఉన్నదని ఒక దళారి కబురు తెచ్చాడు. ఏ బ్యాంకో మాత్రం చెప్పడు! "సంతకం పెట్టు. వచ్చిన దాంట్ల సగం నాది. రాకుంటే పైస ఇయ్యద్దు" అన్నాడట.

"ఏమంటవు కాకా, పెట్టాల్నా?" అని అడిగాడు ఆ యింటాయన.

"ఆగు బిడ్డా, మూడు లక్షల పనేమిటో ముందు చూద్దాం" అన్నాను.

మన జిల్లాలలో ఇలాంటి వారసులకు కొదువలేదు. పాలమూరు కూలీలు మేస్త్రీల వెంట ఎక్కడెక్కడి ఆనకట్టలకో పోయారు. 1955లో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది. 1981లో శ్రీశైలం నీళ్ళకు ఊళ్ళు ఖాళీ అయినవి. ఒక్క కడుపున పుట్టినవారు తలొక దిక్కయ్యారు. పరిహారం ఎవరికి చెందాలో తేలకపోతే ఆ సొమ్మును కోర్టులో జమ కట్టాలని 1894 నాటి భూసేకరణ చట్టమే చెప్పింది.

వెతికేవాడి కూలి మూడు తీరులు. రోజుకింత అని, మొత్తం పనికి ఇంత అని, వచ్చినదానిలో వాటా అని. మొదటి రెండింటిలో ఫలితం దక్కకపోయినా డబ్బు మనదే పోతుంది. మూడవదానిలో నష్టం వాడిది. అందుకే అది తీపిగా కనిపిస్తుంది. నిజంగా చిరునామాయే లేని కుటుంబాన్ని ఊరూరా తిరిగి పట్టుకొచ్చేవాడికి వాటా ఇవ్వడం న్యాయమే అంటాను.

కాని బ్యాంకు సొమ్ము సంగతి వేరు. పదేళ్ళు కదలని డిపాజిట్టు రిజర్వుబ్యాంకు నిధికి చేరినా, వారసుల హక్కు పోదు. 2023లో తెరిచిన 'ఉద్గమ్' అనే వెబ్‌సైటులో, చనిపోయినవారి పేరూ, మరొక గుర్తూ ఇచ్చి ఉచితంగా వెతకవచ్చును. తరువాత కావలసినవి మరణ ధ్రువపత్రం, వారసుల రుజువులు, బ్యాంకు కోరితే కోర్టు ఇచ్చే వారసత్వ సర్టిఫికెట్టు. వీటికి తాసిల్దారు కచేరీ చుట్టూ తిరిగే ఓపిక కావాలి గాని మూడు లక్షలెందుకు?

వకీలు వాటా అడిగితే ఒప్పుకోకండి. అది వృత్తిదోషమని 1954లోనే సుప్రీంకోర్టు తేల్చింది. వకీలు కాని వానితో వాటా ఒప్పందం మన దేశంలో దానంతటదే చెల్లకుండా పోదు. అయితే అది దోపిడీలాగా ఉంటే కోర్టు నిలబెట్టదని 1876లోనే ప్రీవీ కౌన్సిల్ చెప్పింది.

కనుక వాటాకు ఒప్పుకుంటే కాగితంలో గడువు రాయించండి. ఖర్చులు వాటాలోనివే అని రాయించండి. సొమ్ము ముందుగా మీ ఖాతాలోనే పడాలి. దానిని తీసుకొనే ముక్త్యారునామా మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ఇంకొక సంగతి చాలామంది మరుస్తారు. ఆలుబిడ్డలు, తోబుట్టువులు మిగలని హిందువు ఆస్తికి, వీలునామా లేకపోతే, 1956 వారసత్వ చట్టం ప్రకారం అన్నదమ్ముల బిడ్డలతోబాటు అక్కచెల్లెళ్ళ బిడ్డలూ సమాన వారసులే. ఒక్కడు సంతకం పెడితే వాడి వాటాకే కట్టుబాటు. మిర్యాలగూడలోనో వనపర్తిలోనో ఉన్న మేనత్త కూతురు ఆ దళారికి దమ్మిడీ బాకీ లేదు.