స్కాలర్‌లో దొరికితే ప్రామాణికమేనా?

'గూగుల్ స్కాలర్‌లో దొరికిందంటే అది ప్రామాణికమే' అన్న నమ్మకం పరిశోధక విద్యార్థుల్లో గట్టిగా నాటుకుపోయింది. 2004 నవంబరులో మొదలైన ఈ సాధనం పేరులోనే పండితుడున్నాడు కాబట్టి అలా అనిపించడం సహజమే. కానీ లోపల కూర్చుని పత్రాలు చదివి ఆమోదముద్ర వేసే పండితులెవరూ లేరు. వెబ్‌సైట్లన్నీ చుట్టివచ్చే ఒక ప్రోగ్రాము శీర్షిక, రచయిత పేరు, సారాంశం, చివర ఆధారాల పట్టిక ఉన్నాయా అని చూసుకుంటుంది. అంటే అది చూసేది వేషాన్నే, సరుకును కాదు. 2010లో ఫ్రాన్స్‌కు చెందిన పరిశోధకుడు సిరిల్ లాబే ఈ సంగతిని తమాషాగా బయటపెట్టాడు. ఐక్ అంట్‌కేర్ అనే లేని శాస్త్రవేత్తను పుట్టించాడు (ఇంగ్లిషులో గబగబా పలికితే 'నాకేం పట్టదు' అన్నట్టు వినిపించే పేరు). అర్థంలేని వాక్యాలు అల్లే ప్రోగ్రాముతో అతని పేర నూరు పత్రాలు రాయించి, ఒకదాన్నొకటి ఉదహరించుకునేలా చేసి నెట్‌లో పెట్టాడు. స్కాలర్ వాటిని లెక్కలో వేసుకుంది. అంట్‌కేర్ హెచ్-ఇండెక్స్ (పత్రాలకు వచ్చిన ఉదహరింపులను బట్టి పరిశోధకుడికి కట్టే అంకె) 94కు చేరింది. ఆ లెక్కలతో తయారైన ఒక జాబితాలో ఐన్‌స్టీన్ సైతం ఈ పుట్టని పండితుడికి వెనకబడ్డాడు.

అది పనిగట్టుకుని చేసిన మోసమనీ, పేరున్న జర్నల్లో అచ్చయి వేలసార్లు ఉదహరింపు పొందినదాన్ని నమ్మవచ్చనీ ఎవరైనా అనవచ్చు. కానీ తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెట్టిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పత్రం 1998లో 'ది లాన్సెట్'లోనే వచ్చింది. ఆధారం 12 మంది పిల్లలు. 2010లో జర్నల్ దాన్ని ఉపసంహరించుకుంది. అయినా దాని సైటేషన్లు వేలల్లో ఉన్నాయి, అందులో చాలా భాగం దాన్ని ఖండించినవే. తిట్టినా పొగిడినా యంత్రానికి ఒకటే పద్దు. ఆ పద్దును బట్టే చాలావరకు వరస కుదురుతుంది కనుక పాత పత్రం పైకి తేలుతుంది. పైనుందని మరికొందరు ఉదహరిస్తారు, దాంతో ఇంకా పైకి పోతుంది. నిన్నమొన్న వచ్చిన దిద్దుబాటు ఎక్కడో మూడో పేజీలో పడి ఉంటుంది.

'వెతికాను, దొరకలేదు, అంటే ఎవరూ పని చేయలేదు' అన్నది మొదటి నమ్మకానికి తలకిందుల అపోహ. తెలుగు సాహిత్యం మీద పనిచేసేవారికి ఇదే ఎక్కువ చేటు. గురజాడ పేరును ఇంగ్లిషులో కొందరు 'జె'తో, కొందరు 'జెడ్'తో రాస్తారు, ఒకటి కొడితే రెండోది తప్పిపోవచ్చు. తెలుగు లిపిలోనూ విడిగా వెతకాలి. భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాల కోసం గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగను చూడాలి. అచ్చులోనే మిగిలిన పాత పత్రికలకైతే గ్రంథాలయం మెట్లెక్కక తప్పదు.

ఇన్ని లోపాలుంటే అసలు వాడటమెందుకు? ఎవరైనా ఉదహరించిన ప్రతి ఫలితం కింద 'సైటెడ్ బై' అన్న లింకు ఉంది కనుక. చాలామంది అక్కడి అంకెను చూసి ఆగిపోతారు. దాన్ని నొక్కితే ఆ పత్రాన్ని తర్వాత ఎవరు వాడారో, ఎవరు తప్పుపట్టారో బయటపడుతుంది. వైద్య విషయమైతే అదే శీర్షికను వైద్య పత్రాల సూచిక పబ్‌మెడ్‌లోనూ కొట్టాలి. వేక్‌ఫీల్డ్ పత్రం అక్కడా దొరుకుతుంది, కాకపోతే ఉపసంహరించారన్న హెచ్చరిక పేజీ పైనే కనిపిస్తుంది.