కొల్లేటి కొంగయు స్లైడు ఫిల్మును

ఒక శీతకాలమున మేము పెదపాడు నుండి కొల్లేటికి పోయి, 36 బొమ్మల స్లైడు ఫిల్ము చుట్ట నొకదానిని వినియోగించి వచ్చితిమి. కడిగించి తెరపై చూడగా నీరు, పడవలు, తూటికాడలు చక్కగా నున్నవి. కొంగలున్న చోట మాత్రము తెల్లని రంధ్రములున్నవి. ఈక లేదు, రెక్క మడత లేదు. లోపము కెమేరాది కాదు, మాదే.

నెగటివు నుండి కాగితముపై బొమ్మ దింపునపుడు చీకటిగదిలో కొంత దిద్దుకొనవచ్చును. స్లైడునందు కెమేరాలోని ఫిల్మే కడపటి బొమ్మ. వెలుగు మితిమీరిన చోట రంగు మిగులదు. ఉత్త పారదర్శకమైన ఫిల్మే మిగులును. రేడియో స్టూడియోలోను ఇంతే. రికార్డు చేయునపుడు మీటరు సూది హద్దు దాటి గొంతు చెదరినచో, పిమ్మట ధ్వని తగ్గించినను ఆ గొంతు బాగుపడదు.

ఇక కెమేరా మీటరు సంగతి. తన యెదుటిది నడిమి బూడిదరంగు వస్తువని అది తలంచును. ముదురు నీటి నడుమ చిన్న కొంగ నిలిచినపుడు నీటినే లెక్కించి వెలుగు నధికముగా నిమ్మనును, కొంగ మాడిపోవును. అదే కొంగ చట్రమంతయు నిండినచో తెలుపును బూడిద చేయబూని వెలుగు తగ్గించును. పక్షి ఒక్కటే, పొరపాట్లు రెండు.

కావున పక్షిని గాక, పక్షిపై పడు ఎండను కొలువవలెను. ఎండ మన వెనుక నుండి తేటగా పడునపుడు, 100 వేగము గల ఫిల్మునకు ఎఫ్ 16 వద్ద 1/125 సెకండు సరిపోవును. తెల్లకొంగకు ద్వారము నింకను అర స్టాపు మొదలు ఒక స్టాపు వరకు మూయవలెను. పక్షి యెగురుచున్నచో అదే వెలుగును ఎఫ్ 8, 1/500గా మార్చుకొనవచ్చును. మబ్బు వేళ ఈ లెక్క చెల్లదు. అప్పుడు అదే వెలుగులో అరచేతిని చాచి, మీటరుతో కొలిచి, ఆ కొలత కంటె ఒక స్టాపు ద్వారము తెరువవలెను; అరచేయి నడిమి బూడిద కంటె సుమారుగా అంత తెలుపు. సందేహమున్నచో అర స్టాపు ఎక్కువగా నొకటి, తక్కువగా నొకటి తీయుట మేలు.

1935లో వెలువడిన కొడాక్రోమ్ తయారీ 2009లో నిలిచిపోయినది. ఎక్టాక్రోమ్ 2018లో మరల వచ్చినది. ఫిల్ము నేడు ఖరీదైన వస్తువు. ఆటపాక గూడబాతుల యెదుట నిలిచినపుడు మీట నొక్కుటకు ముందు ఒక్క క్షణము ఎండను చూడుడు. రెండవ చుట్టలో మా కొంగలకు ఈకలు వచ్చినవి.